మూడుసార్లు పిలిచాక

సంకువలస, ఆస్పత్రి లైను
2 జూలై 2024

ప్రియమైన స్వర్ణకు,

ప్రభువు నిన్ను కాచుగాక. నేను బాగున్నాను.

నిన్న లైనులో ఎనిమిది ఇళ్లకీ నోటీసులిచ్చారు. ఆస్పత్రికి కొత్త భవనం కడతారట, మన గదులు అడ్డమట. నోటీసులో మమ్మల్ని ‘అనధికార నివాసులు’ అన్నారు. నలభై మూడేళ్లుగా ఈ ఆరో నంబరు గదికి అద్దె కడుతున్నాను. ఇది మిషను ఆస్పత్రిగా ఉన్నప్పుడు నాకు క్షయ నయమయ్యాక పెద్ద డాక్టరుగారు రాసిచ్చిన కాగితం నా ట్రంకు పెట్టెలోనే ఉంది. ‘ఈమె జీవించి ఉన్నంతకాలం అద్దె మీద ఉండవచ్చు’ అని రాసి సంతకం పెట్టారు. సర్కారు ఆస్పత్రిని తీసుకున్నప్పుడు ఆ కాగితాన్ని కూడా తీసుకున్నట్టే కదా?

రెండో నంబరు సూరయ్య నీకు తెలుసు, వార్డులో నాతో పనిచేశాడు. నోటీసు తిప్పి తిప్పి చూసి, “నర్సమ్మా, తెలుగులో సెప్పు. ఏటంతన్నారు?” అన్నాడు.

“పొమ్మంటున్నారు” అన్నాను.

“అంతేనా? దానికి ఇన్ని పేజీలేటి?” అన్నాడు.

పదహారో తారీఖున పట్నంలో ఎస్టేట్ అధికారి ఆఫీసులో విచారణ. అక్కడ ఏం చెప్పాలో రాసి పంపు. ఫోను చెయ్యకు. ఫోనులో మాటలు గాలికి పోతాయి. నువ్వు కాన్వెంటు హాస్టల్లో ఉన్నప్పుడు రాసుకున్నట్టే రాయి. కాగితమైతే నాలుగుసార్లు చదువుకుంటాను.

నీ పెద్దమ్మ,
జ్ఞానసుందరి


మంగళగిరి, మహిళా హాస్టల్
6 జూలై 2024

పెద్దమ్మా,

జవాబు తయారుచేసి దీంతో పంపుతున్నాను. రెండు ప్రతులున్నాయి. ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండోదాని మీద స్టాంపు వేయించుకో. అధికారి అడిగితే మూడు మాటలు చెప్పు. డాక్టరుగారి కాగితం ఉంది, అద్దె రసీదులున్నాయి, నాకు వేరే నీడ లేదు. అంతకంటే ఎక్కువ చెప్పక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త. ఈ చట్టంలో ఒక సెక్షను ఉంది. తలుపు దగ్గర బంట్రోతు మూడుసార్లు పేరు పిలుస్తాడు. పలకకపోతే గైర్హాజరు అని రాసి ఆ రోజే ఖాళీ ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఎందుకు పలకలేదో తర్వాత చెప్పుకునే దారి చట్టంలో లేదు. మామూలు కోర్టుకు వెళ్లే దారి కూడా మూసేశారు. అందుకని మంచినీళ్లకైనా సరే బెంచీ వదిలి వెళ్లకు.

నేను వచ్చి నీ పక్కన నిలబడాలి. మా సీనియరు లాయరు తిరుమలరావుగారు సెలవు ఇవ్వలేదు. హైకోర్టులో ఆయన కేసులు వరసగా ఉన్నాయి. అమ్మ పోయాక నన్ను పెంచి చదివించింది ఈ రోజు కోసమే కదా అని నువ్వు అనవు. అనవని నాకు తెలుసు, అందుకే ఇంకా కష్టంగా ఉంది.

స్వర్ణ


సంకువలస
17 జూలై 2024

స్వర్ణకు,

వెళ్లి వచ్చాను. తొమ్మిదిన్నరకే ఆ వరండాలో తలుపుకి ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాను. నీ జవాబు ఇవ్వబోతే గుమాస్తా తీసుకోలేదు, లోపలికి పిలిచినప్పుడు అయ్యగారికే ఇమ్మన్నాడు. బంట్రోతు గోవింద్ అని ఒకతను. తలుపు తీసి, ఒక పేరు పిలిచి, తలుపు వేసేవాడు.

సూరయ్యని పదకొండు గంటలకి పిలిచారు. రెండు నిమిషాల్లో బయటికి వచ్చేశాడు. ఏం చెప్పావు అని అడిగాను. “నానేటి సెప్పాలో తెలీక దండమెట్టి వచ్చీసినాను. ఆయన మంచోడే, కూకోమన్నాడు. కుర్సీ నేదు” అన్నాడు. బస్సు దొరకదని లైనువాళ్లంతా ఎవరి పని అయ్యాక వాళ్లు వెళ్లిపోయారు.

నేను నీళ్లు కూడా తాగలేదు. అయిదుంబావుకి గుమాస్తా తాళం వేస్తూ, అయిపోయింది వెళ్లమని చెయ్యి ఊపాడు.

నన్ను ఎవరూ పిలవలేదు స్వర్ణా.

జవాబు రెండు ప్రతులూ నా దగ్గరే ఉన్నాయి.

పెద్దమ్మ


మంగళగిరి
1 ఆగస్టు 2024

పెద్దమ్మా,

నువ్వు పంపిన ఉత్తర్వు చేరింది. ఒకటిన్నర పేజీ. ‘ప్రతివాదిని మూడుసార్లు పిలిచినా హాజరు కాలేదు. చెప్పుకోవలసినది ఏమీ లేదని భావించడమైనది. ముప్పై రోజుల్లో ఖాళీ చేయవలెను.’ నీకు అందిన రోజు నుంచి లెక్కేస్తే ఆగస్టు ఇరవై నాలుగుతో గడువు తీరుతుంది.

ఏడు గంటల పైన బెంచీ మీద కూర్చున్న మనిషిని రాలేదని రాశాడు. తిరుమలరావుగారి బల్ల మీద పెట్టి, వేలితో ఆ లైను చూపించాను. ఆయన చదివి, “రిట్ వేద్దాం అమ్మాయ్” అన్నారు.

రెండు కోరికలు రాశాను. ఒకటి, పిలవకుండానే పిలిచానని రాసిన ఈ ఉత్తర్వు చెల్లదని. రెండోది, మూడు కేకలతో మనిషి నోరు మూసేసే ఆ సెక్షనే రాజ్యాంగం పద్నాలుగు, ఇరవై ఒకటి అధికరణలకు విరుద్ధమని. తిరుమలరావుగారు రెండోది చూసి నవ్వారు. “మొదటిది చాలు, దాంతో స్టే వస్తుంది. చట్టాన్నే కొట్టెయ్యమంటే కోర్టు వాయిదా మీద వాయిదా వేస్తుంది. సరే, ఉండనీ” అన్నారు.

అఫిడవిట్ పంపుతున్నాను. ప్రతి పేజీ మీదా సంతకం పెట్టు. ఏడో పేరా శ్రద్ధగా చదువు. ‘ఉదయం తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం అయిదుంబావు వరకు నేను అక్కడే ఉన్నాను. ఏ సమయంలోనూ నా పేరు పిలవలేదు.’ కేసంతా దాని మీదే నిలబడుతుంది. నోటరీ ముందు సంతకం చేసి వెంటనే స్పీడు పోస్టులో పంపు.

స్వర్ణ


సంకువలస
5 ఆగస్టు 2024

స్వర్ణకు,

కాగితాలు సంతకం చేయకుండా తిరిగి పంపుతున్నాను, కోపగించకు. ఏడో పేరా కొంచెం మెత్తగా రాయవా? ‘పిలిచినట్టు నాకు తెలియదు’ అంటే సరిపోదా? ఆ అధికారి అబద్ధం చెప్పాడని దేవుని ఎదుట ప్రమాణం చేయడం నాకు బరువుగా ఉంది. ఆయనకీ పిల్లలుంటారు.

మొన్న లైనుకి నీళ్లు ఆపేశారు. ఆస్పత్రి వెనక బోరు నుంచి మోసుకుంటున్నాం. ఒకటో నంబరువాళ్లు సామాను సర్దుకుని గజపతినగరం వెళ్లిపోయారు. వాళ్ల తలుపులు కూడా విప్పి పట్టుకుపోయారు. ఆ గుమ్మం ఇప్పుడు నోరు తెరిచినట్టుంది, చూడలేకపోతున్నాను.

పెద్దమ్మ


మంగళగిరి
8 ఆగస్టు 2024

పెద్దమ్మా,

మెత్తగా రాస్తే స్టే రాదు. ‘నాకు తెలియదు’ అంటే, పిలిచారు, నువ్వే పట్టించుకోలేదు అంటారు. పిలవలేదని రాసింది నువ్వు. నువ్వు రాసిందే నేను రాశాను.

అతని పిల్లల గురించి తర్వాత ఆలోచిద్దాం. ఇంకా పదహారు రోజులే ఉన్నాయి. దయచేసి సంతకం పెట్టు.

స్వర్ణ


సంకువలస
11 ఆగస్టు 2024

స్వర్ణకు,

సంతకం పెట్టాను. ఇందులో ఉన్నాయి.

పెద్దమ్మ


మంగళగిరి
20 ఆగస్టు 2024

పెద్దమ్మా,

స్టే వచ్చింది! నువ్వు గది ఖాళీ చేయనక్కర్లేదు. తిరుమలరావుగారు ఏడో పేరా చదివారు. జడ్జిగారు కళ్లజోడు తీసి ప్రభుత్వ ప్లీడరు వైపు చూసి, “ఇది నిజమైతే విచారణ కాదు, నాటకం” అన్నారు. తరువాతి వాయిదా వరకు నిన్ను కదిలించకూడదు. నెల రోజుల్లో వాళ్లు జవాబుగా కౌంటరు వేయాలి.

మిగతా ఏడుగురి సంగతి తిరుమలరావుగారిని అడిగాను. వాళ్లని పిలిచారు, విన్నారు, వాళ్లు చెప్పింది ఏమీ లేదు. కాబట్టి వాళ్ల ఉత్తర్వుల్లో తప్పు పట్టడం కష్టమన్నారు. సూరయ్య తాతకి ఈ మాట ఎలా చెబుతావో నాకు తెలియదు.

ఉత్తర్వు ప్రతి పంపుతున్నాను. ట్రంకు పెట్టెలో కాదు, చేతికందేలా ఉంచుకో. ఎవరైనా వస్తే చూపించు.

స్వర్ణ


సంకువలస
30 ఆగస్టు 2024

స్వర్ణకు,

ఇరవై ఆరో తారీఖున యంత్రం వచ్చింది. నీ కాగితం చూపించాను. ఇంజినీరు చదివి, నా గది చుట్టూ సున్నంతో గీత గీయించాడు. మిగతా ఏడూ పడేశారు.

ఎనిమిది గదులకీ గోడలు ఉమ్మడి కదా. అయిదో నంబరు పోయాక నా పడమటి గోడకి వాళ్ల మేకులు, వాళ్ల పిల్లల ఎత్తు కొలిచిన గీతలు బయటికి కనిపిస్తున్నాయి. పైకప్పు పెంకులు రెండు వైపులా తెగ్గోశారు. వాన పడితే మధ్యలో మంచం లాక్కుని కూర్చుంటున్నాను.

సూరయ్య, అతని భార్య లక్ష్మణమ్మ శ్రీముఖలింగంలో కూతురు ఈశ్వరి ఇంటికి వెళ్లారు. లక్ష్మణమ్మ వెళ్తూ నా రెండు చేతులూ పట్టుకుని, “నీ ఇల్లు నిలబడ్డాది కదే, మాకదే సాలు. ఆ గీత దాటి బయటికి రాకు” అంది. సూరయ్య మాత్రం నా ముఖం చూడలేదు. వెళ్లేముందు, “మమ్మల్ని పిలిసీసి విన్నారంట, అదే మా తప్పంట. నిన్ను పిలవనేదు కాబట్టి నీకు ఇల్లు. ఇదేటి నాయం నర్సమ్మా?” అన్నాడు.

నువ్వు సంతోషంగా రాశావు. నేను కూడా సంతోషించాలని చూస్తున్నాను.

పెద్దమ్మ


మంగళగిరి
21 సెప్టెంబరు 2024

పెద్దమ్మా,

వాళ్లు కౌంటరు వేశారు. దాంతో పాటు ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చారు. ఆ వరండాలో కెమెరా ఉందట.

మూడు గంటల నాలుగు నిమిషాలకి గోవింద్ తలుపు తీశాడు. చెయ్యి నోటి పక్కన పెట్టి పిలిచాడు. ఆగాడు. మళ్లీ పిలిచాడు. అటు తిరిగి మెట్ల వైపు మూడోసారి పిలిచాడు. నువ్వు అతనికి నాలుగు బారల దూరంలో బెంచీ మీద ఒక్కదానివే ఉన్నావు. ఒళ్లో కాగితం చదువుకుంటున్నావు. తల ఎత్తలేదు.

అబద్ధపు అఫిడవిట్ వేసినందుకు నీ మీద చర్య తీసుకోవాలని, స్టే రద్దు చేయాలని అడిగారు. తిరుమలరావుగారు నాతో రెండు రోజులు మాట్లాడలేదు. నిన్న, “అమ్మాయ్, నిజం చెబితే స్టే పోతుంది. చెప్పకపోతే నీ వకీలు సనదు పోతుంది” అన్నారు.

ఆ వీడియో పదకొండుసార్లు చూశాను. మొదట కోపంతో చూశాను. కెమెరాకి శబ్దం లేదు. అందరి పెదాలూ కదులుతాయి, ఏమీ వినబడదు. తొమ్మిదోసారి చూస్తుంటే ఇంకొకటి కనిపించింది. అంతకు ముందు, రెండున్నరకి, గుమాస్తా బల్ల పక్కనున్న ఇనుప కుర్చీ వెల్లకిలా పడింది. వరండాలో ఉన్న ముగ్గురూ ఉలిక్కిపడి తిరిగారు. నువ్వు తిరగలేదు.

ఫోను చెయ్యవద్దంటావు. చర్చిలో ఎప్పుడూ ముందు వరసలో పాస్టరుగారికి ఎదురుగానే కూర్చుంటావు. చిన్నప్పుడు చీకట్లో నేను మాట్లాడితే దీపం వెలిగించేదానివి.

పెద్దమ్మా, నీకు వినబడదా?

స్వర్ణ


సంకువలస
26 సెప్టెంబరు 2024

స్వర్ణకు,

వినబడదు.

క్షయ ఈ ఆస్పత్రి వార్డులోనే అంటుకుంది. నాకు ఇరవై రెండేళ్లు. మూడు నెలలు రోజూ సూది మందు ఇచ్చారు. ఊపిరితిత్తులు బాగయ్యాయి. ఆ మందుకే చెవుల్లో మొదట హోరు పుట్టింది, తర్వాత సన్నని శబ్దాలు పోయాయి, ఒక్కొక్క ఏడాదీ ఇంకొంచెం పోయింది. చెవుడని తెలిస్తే నర్సు ఉద్యోగం ఉంటుందా? పెదాలు చూడటం నేర్చుకున్నాను. రక్తపోటు చూసేటప్పుడు గొట్టం చిన్న నర్సు చెవిలో పెట్టి, నేర్చుకో అమ్మా అనేదాన్ని. అందరూ నన్ను మంచి టీచరు అనుకున్నారు. కానుపు గదిలో బిడ్డ ఏడ్చిందో లేదో తల్లి ముఖం చూసి చెప్పేదాన్ని. నా చేతుల్లో ఒక్క బిడ్డకీ హాని జరగలేదు. అది నువ్వు నమ్మాలి.

రిటైరయ్యాక చెప్పేయవచ్చు. కానీ అప్పటికి అది అబద్ధమైపోయింది.

ఆ రోజు పొద్దుటి నుంచి మూడు గంటల వరకు తలుపు మీంచి కళ్లు తీయలేదు. గోవింద్ నోరు తెరిచిన ప్రతిసారీ పెదాలు చూశాను. లైనువాళ్లలో నేనొక్కదాన్నే మిగిలాను. ఇక నా వంతే అనుకుని, నువ్వు రాసిన మూడు మాటలు మరిచిపోతానేమోనని ఒక్కసారి కాగితం చూసుకున్నాను. అంతే.

నన్ను పిలవలేదని నీకు రాసినప్పుడు నాకు నిజంగా తెలియదు. పిలిచి ఉండవచ్చని అనుమానం మాత్రం ఉంది. తెలియని దాని మీద ప్రమాణం చేశాను. నువ్వు తొందరపెట్టావని అనను. చెయ్యి నాది.

కేసు తీసెయ్యి. నీ సనదు పోకూడదు. నాకేముంది, ట్రంకు పెట్టె, మంచం. ఎక్కడో ఒక చోట దేవుడు చూపిస్తాడు. ఎక్కడో మాత్రం నాకు ఇంతవరకు కనిపించలేదు.

పెద్దమ్మ


మంగళగిరి
3 అక్టోబరు 2024

పెద్దమ్మా,

నేను కూడా ఒకటి దాచాను. జూలైలో తిరుమలరావుగారు నాకు సెలవు ఇవ్వలేదని రాశాను. నేను అడగలేదు. అడిగితే ఇచ్చేవారు. ఒక అధికారి ముందు నిలబడి నోరు తెరవాలంటే భయం వేసింది. ఈ రెండేళ్లలో కోర్టులో నేను ఒక్క మాట మాట్లాడలేదు. రాస్తాను, ఫైళ్లు మోస్తాను, వెనక వరసలో కూర్చుంటాను. నేను వచ్చి ఉంటే గోవింద్ పిలిచినప్పుడు నీ భుజం తట్టేదాన్ని. అంత చిన్న పని.

కేసు తీసెయ్యను. నిజం చెబుతూ ఇంకో అఫిడవిట్ వేస్తాను. మొదటి కోరిక పోయినట్టే, వాళ్లు పిలిచారు. ఇక రెండోదే మిగిలింది. నిన్ను పిలిచారు కాబట్టి విన్నట్టే అని ఆ సెక్షను అంటుంది. జవాబు చేత పట్టుకుని ఆ వరండాలోనే కూర్చున్న మనిషిని గైర్హాజరు అనవచ్చునంటుంది. ఎందుకు పలకలేదని ఒక్కసారైనా అడగనక్కర్లేదంటుంది. తప్పు గోవింద్‌ది కాదు, ఆ అధికారిది కూడా కాదేమో. తప్పు చట్టంలోనే ఉంది.

తిరుమలరావుగారు తాను వాదించనన్నారు. “ఏడో పేరా చదివిన నోటితో ఇది చదవలేను. నీకు నమ్మకం ఉంటే నువ్వే నిలబడు” అన్నారు.

నీ చెవుల సంగతి బహిరంగ కోర్టులో చదవాలి. పేపర్లో రావచ్చు. లైనువాళ్లకి, చర్చిలో అందరికీ తెలుస్తుంది. ప్రభుత్వాసుపత్రి నుంచి వినికిడి పరీక్ష సర్టిఫికెట్టు కావాలి. నీకు ఇష్టం లేకపోతే ఒక్క మాట రాయి, ఆపేస్తాను.

స్వర్ణ


సంకువలస
19 అక్టోబరు 2024

స్వర్ణకు,

సర్టిఫికెట్టు, సంతకాలు ఇందులో ఉన్నాయి. ఈసారి ప్రతి పేరా రెండుసార్లు చదివి పెట్టాను.

పరీక్ష గది చిన్న అద్దాల పెట్టె. చెవులకి డిప్పలు పెట్టి, శబ్దం వినబడినప్పుడు మీట నొక్కమని ఆ అమ్మాయి కాగితం మీద రాసింది. మీట మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. చాలాసేపు కూర్చున్నాను. ఇంకా మొదలుపెట్టలేదనుకున్నాను. తలుపు తీసి, అయిపోయిందంది. నేను ఒక్కసారీ నొక్కలేదు. ఇన్నేళ్లు దాచినది పది నిమిషాల్లో కాగితం మీదికి వచ్చేసింది.

ముందు నా నోటితో చెబుదామని శ్రీముఖలింగం వెళ్లి లక్ష్మణమ్మకి చెప్పాను. ఆమె చేటలో బియ్యం ఏరుతూ తల కూడా ఎత్తలేదు. తర్వాత గుర్తొచ్చినట్టు తల ఎత్తి నా ఎదరకి తిరిగి, “ఇదేటి కొత్తా? ముప్పై ఏళ్ల నుంచీ నీ ఎదరకొచ్చి నిలబడే కదే మాటాడతన్నాం! వెనక నుంచి పిలిస్తే పలకవని లైనులో గుంట పిల్లలకి కూడా తెలుసు” అంది.

“మరి నాకెందుకు చెప్పలేదే?” అన్నాను.

“నువ్వు దాసుకుంతన్నావు కదా. మనకెందుకులే అనుకున్నాం” అంది.

సూరయ్య అరుగు మీంచి, “ఆ ఆపీసులో కూడా తెలుసనుకున్నాను. లేకపోతే ఆ పూట నాను బస్సెక్కుదునా?” అన్నాడు. ఏడ్చాడు స్వర్ణా. నా ముఖం చూసి ఏడ్చాడు.

పేపర్లో వేసుకోనీ.

పెద్దమ్మ


మంగళగిరి
8 నవంబరు 2024

పెద్దమ్మా,

నిన్న వాదించాను.

మొదటి రెండు నిమిషాలు నా గొంతు నాకే వినబడలేదు. జడ్జిగారు మూడుసార్లు “గట్టిగా చెప్పండి” అన్నారు. మూడోసారి అన్నాక ఎందుకో భయం పోయింది. ముందు తప్పు ఒప్పుకున్నాను. పిలిచారు, మా అఫిడవిట్ తప్పు, క్షమించమని నీ మాటగా అడిగాను. సర్టిఫికెట్టు ఇచ్చాను.

ప్రభుత్వ ప్లీడరు, “వినబడదని ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పనిది అధికారికి ఎలా తెలుస్తుంది?” అన్నారు. న్యాయమైన ప్రశ్నే. నేను వీడియో వేయమన్నాను. కోర్టు హాలంతా చూసింది. “ఆ వరండాలో ఒకే ఒక్క మనిషి మిగిలింది. పిలవాల్సిన పేరు కూడా ఒక్కటే మిగిలింది. ఆ రెండూ ఒకటేనా అని నాలుగు బారలు నడిచి అడగమని చట్టం చెప్పలేదు. అడగకపోయినా విన్నట్టే అని మాత్రం చెప్పింది. అలాంటి విచారణ రాజ్యాంగం ముందు నిలుస్తుందా?” అన్నాను. జడ్జిగారు రాసుకున్నారు.

తీర్పు రిజర్వు చేశారు, తర్వాత ఇస్తారు. బయటికి వచ్చాక తిరుమలరావుగారు ఒక టీ తెప్పించి నా ముందు పెట్టారు. గెలుస్తామో లేదో తెలియదు. కానీ పెద్దమ్మా, నీ సంగతి అంతా చెప్పాను. ఏదీ మరిచిపోలేదు.

స్వర్ణ


శ్రీముఖలింగం
16 నవంబరు 2024

స్వర్ణకు,

కొత్త చిరునామా చూసి కంగారు పడకు. ఒంటికి దెబ్బ తగల్లేదు.

పధ్నాలుగో తారీఖు పొద్దున బోరు దగ్గరికి వెళ్లాను. బిందె నిండాక వెనక్కి తిరిగితే దుమ్ము కనిపించింది. పరుగెత్తాను. తూర్పు గోడ పడిపోయింది. నీ ఉత్తర్వు ఎత్తి చూపించాను. ఇంజినీరు చదివి, నా ఎదురుగా నిలబడి, నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా చెప్పాడు. “అమ్మా, ఇందులో ‘తరువాతి వాయిదా వరకు’ అని ఉంది. ఏడో తారీఖున వాయిదా అయిపోయింది. పొడిగించినట్టు కాగితం ఉంటే చూపించండి, ఆపేస్తాను.” నేను వెతికాను. నువ్వు పంపినవన్నీ వెతికాను. అతను పావుగంట ఆగాడు కూడా.

మంచం, ట్రంకు పెట్టె, వంట సామాను వాళ్లే బయట పెట్టారు. సూరయ్య వచ్చి తీసుకొచ్చాడు. ఈశ్వరి ఇల్లు రెండు గదులు, ఇప్పటికే అయిదుగురున్నారు. నాకు వసారాలో తెర కట్టారు.

ఆ పొడిగింపు కాగితం పోస్టులో ఎక్కడైనా ఆగిపోయిందా?

పెద్దమ్మ


మంగళగిరి
20 నవంబరు 2024

పెద్దమ్మా,

అలాంటి కాగితం లేదు.

వాదన అయ్యాక, తీర్పు రిజర్వు చేసినప్పుడు, లేచి, తీర్పు వచ్చేవరకు స్టే పొడిగించమని ఒక్క వాక్యం అడగాలి. ప్రతి జూనియరుకీ మొదటి నెలలో నేర్పుతారు. తిరుమలరావుగారి వెనక కూర్చుని ఆయన అడగగా వందసార్లు విన్నాను. నేను అడగలేదు. మాట్లాడగలిగానన్న సంతోషంలో కూర్చుండిపోయాను. అడిగి ఉంటే జడ్జిగారు తల ఊపేవారు. అయిదు సెకన్ల పని.

మరిచిపోలేదు అని నీకు రాశాను.

గది కూల్చిన సంగతి తిరుమలరావుగారు కోర్టు దృష్టికి తెచ్చారు. కూలినదాన్ని నిలబెట్టే ఉత్తర్వు ఎవరూ ఇవ్వలేరు. తీర్పు వచ్చినప్పుడు పంపుతాను. నా ఉత్తరాలు చదవాలని లేకపోతే చదవకు.

స్వర్ణ


శ్రీముఖలింగం
4 జనవరి 2025

స్వర్ణకు,

నెలన్నర నుంచి నీ దగ్గర నుంచి తీర్పు ప్రతి తప్ప ఒక్క అక్షరం రాలేదు. చదవకు అన్నావు కాబట్టి రాయడం మానేశావా? ఇక్కడ చదవడానికి నాకు ఇంకేముంది?

తీర్పు నిదానంగా చదివాను. అఫిడవిట్ తప్పు మన్నించి, నా మీద ఇచ్చిన ఉత్తర్వు కొట్టేశారు. మళ్లీ విచారించాలని, ప్రశ్నలు రాసి అడగాలని, పక్కన ఒకరు ఉండవచ్చని రాశారు. సెక్షను రాజ్యాంగానికి విరుద్ధమా కాదా అన్నది ఈ కేసులో తేల్చనవసరం లేదన్నారు. గది కూల్చడం గురించి ఒక్క లైను, ‘తొందరపాటు తగదు’ అని. ఆ లైను దగ్గర నేను పుస్తకం మూసినట్టు కాగితం మూశాను.

మొన్న కొత్త నోటీసు వచ్చింది. గోవిందే తెచ్చాడు. ఆరో నంబరు గదికి ఇవ్వాలని రాసి ఉంటే సంకువలస వెళ్లి, ఇటుకల కుప్ప చూసి, అడుగుతూ అడుగుతూ ఇక్కడికి వచ్చాడు. నా ఎదరకొచ్చి కింద కూర్చున్నాడు. “అమ్మా, నీకు ఇనపడదని తెలిస్తే వచ్చి తట్టి లేపీవోడిని. మమ్మల్ని మూడుసార్లు పిలవమన్నారు, పిలిసినాను. తప్పు సేసినానా?” అన్నాడు. లేదన్నాను. లక్ష్మణమ్మ మజ్జిగ ఇచ్చింది.

విచారణ ఈ నెల ఇరవై రెండున. ఆ గది ఇమ్మని అడగను, అది లేదు. నన్ను ఎక్కడికి పొమ్మంటారో కాగితం మీద రాయమని అడుగుతాను. ఏం రాస్తారో నాకు తెలియదు. తెర వెనక ఎన్నాళ్లుంటాను? ఈశ్వరి ఏమీ అనదు, కానీ ఆమె ముఖం కూడా నేను చదవగలను. నువ్వు రా. సెలవు అడుగు.

నీ తప్పు గురించి చాలా ఆలోచించాను. కోపం వచ్చింది, దాచను. గోడ పడుతున్నప్పుడు ఆ కోపం ఎవరి మీదో తెలియలేదు, నీ ఉత్తరం చదివాక తెలిసింది. కొన్ని రోజులుంది. ఇప్పుడు పూర్తిగా పోయిందని చెప్పలేను. కానీ నీకు తప్ప ఇంకెవరికి రాయను?

ఇంకొక సంగతి. ఇక్కడ వంశధార గట్టు మీద పదకొండు ఇళ్లకి నిన్న అవే నోటీసులు వచ్చాయి. నాకు కోర్టు సంగతి తెలుసని ఆడవాళ్లంతా పొద్దున్నే వసారాలో కూర్చున్నారు. ఒకరి తర్వాత ఒకరు నా ఎదరకొచ్చి మాట్లాడుతున్నారు. జవాబు ముందే ఇచ్చి స్టాంపు వేయించుకోమన్నాను, గుమాస్తా తీసుకోకపోతే పోస్టులో పంపమన్నాను, ఒంటరిగా వెళ్లవద్దన్నాను. ఆ తర్వాత ఏం చెప్పాలో నాకు తెలియలేదు.

నువ్వు ఆ రోజు అడగాల్సిన వాక్యం ఉంది కదా, అది తెలుగులో, పెద్ద అక్షరాలతో రాసి పంపు. పదకొండు ప్రతులు.

నీ పెద్దమ్మ,
జ్ఞానసుందరి